చిన్న బోటులో స్టీరియో బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మొదట కార్లకు సెట్లు బిగించేవాణ్ణి. కాకినాడలో ఒకాయన తన ఫైబర్ బోటుకి కూడా బిగించమంటే, కారే కదా, నీళ్ళ మీద తిరుగుతుంది అంతే అనుకుని మధ్యాహ్నానికల్లా పని ముగించేశాను. ఒక్క వానాకాలం గడిచాక ఆ బోటు మళ్ళీ నా ముందుకొచ్చింది. ప్లేయర్ ముందు పలక తీస్తే లోపల పచ్చటి పొడి. స్పీకర్ స్క్రూ తిప్పబోతే తల నా వేళ్ళ మధ్యకి ఊడొచ్చింది. ఇప్పుడు నాకు తెలిసినదాంట్లో సగం ఆ బోటు దగ్గర నేర్చుకున్నదే. అప్పటినుంచి నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్నలివి.

ఇది ఏ బోట్లకు పనికొస్తుంది?

24 అడుగుల లోపు, పైకప్పు లేనివి లేదా చిన్న టాపు మాత్రమే ఉన్న ఫైబర్ బోట్లకు. గోదావరి పాయల్లో తిరిగేవి, దిండి వైపు అతిథులను తిప్పేవి, ఉప్పాడ నుంచి సముద్రంలోకి పోయేవి అన్నీ ఇందులోకే వస్తాయి. హౌస్‌బోట్ల లెక్క వేరు. అక్కడ 230 వోల్టుల కరెంటు కూడా ఉంటుంది, దాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఇంత హంగామా అవసరమా? బ్లూటూత్ స్పీకర్ చాలదా?

చాలామందికి చాలు. ఆదివారం పూట నలుగురు కలిసి రెండు గంటలు తిరిగొచ్చేవాళ్ళయితే, నీళ్ళలో మునిగినా తట్టుకునే ఐపీ67 రేటింగ్ ఉన్న ఒక మంచి బ్లూటూత్ స్పీకర్ కొని తాడుతో కట్టుకోండి. ఇంటికి తీసుకెళ్ళి మంచినీళ్ళతో కడిగి ఛార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుంది. బోటుకి ఒక్క చిల్లు కూడా పడదు. ఇలా చెప్పి నా బేరం నేనే చెడగొట్టుకున్న రోజులున్నాయి.

రోజూ బోటు మీదే ఉండేవాళ్ళు, రేడియోలో వాతావరణ హెచ్చరికలు వినాలనుకునేవాళ్ళు, అతిథులను తిప్పేవాళ్ళు మాత్రం బిగించుకోవచ్చు. మిగతా ప్రశ్నలు వాళ్ళ కోసం.

ఇంట్లో పాత కారు స్టీరియో ఉంది. అదే పెట్టేయొచ్చా?

పెట్టొచ్చు, పాడుతుంది కూడా. ఎన్నాళ్ళన్నదే సమస్య. గోదావరి మంచినీటిలో, మూత ఉన్న డబ్బాలో పెడితే రెండు మూడేళ్ళు లాగించొచ్చు. ఉప్పునీటి దగ్గర ఆ ఆశ పెట్టుకోకండి. చాలామంది నీళ్ళు పడితేనే పాడవుతుందనుకుంటారు. నీళ్ళు పడకపోయినా ఉప్పుగాలి లోపలికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు సర్క్యూట్ బోర్డు మీద చెమ్మ చేరుతుంది, ఆ చెమ్మలో ఉప్పు కరుగుతుంది, దాని మీదుగా కరెంటు పారుతుంది, రాగికి చిలుం పడుతుంది.

మెరైన్ అని అమ్మే ప్లేయర్లలో బోర్డు మీద ఒక పూత ఉంటుంది. ముందు పలకకు రబ్బరు సీలు ఉంటుంది, ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కదు. స్పీకర్లయితే కాగితం కోన్ బదులు పాలీప్రొపిలీన్, అంచుకు ఫోమ్ బదులు రబ్బరు వాడతారు. ఫ్యూజన్, జేఎల్ ఆడియో లాంటివి ఇందులో పేరున్న కంపెనీలు, ఇప్పుడు రెండూ గార్మిన్ చేతిలోనే ఉన్నాయి. డబ్బు తక్కువగా ఉంటే నా సలహా ఇది. స్పీకర్లు మెరైన్‌వే కొనండి, ఎందుకంటే అవి బయట ఎండలో, తుంపర్లలో ఉంటాయి. ప్లేయర్ మామూలుదే తీసుకుని రబ్బరు సీలున్న డబ్బాలో పెట్టి, లోపల రెండు సిలికా జెల్ సంచులు వేసి నెలకోసారి మార్చండి.

డబ్బా మీద ఐపీఎక్స్5, ఐపీఎక్స్7 అని రాస్తారు. ఏది ఎక్కువ?

అంకె పెద్దదైతే అన్నిట్లో మెరుగనుకోకండి. 5 అంటే పైపుతో నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుంది. 6 అంటే ఇంకా గట్టిగా కొట్టినా తట్టుకుంటుంది. 7 అంటే మీటరు లోతులో అరగంట ముంచినా పాడవదు. ముంచితే తట్టుకునేది చిమ్మితే కూడా తట్టుకోవాలని లేదు, ఆ రెండు పరీక్షలూ వేరు. అల ముందు నుంచి వచ్చి మొహాన కొట్టే చోట 6 ఉంటే మేలు. ఇంకో సంగతి, ఈ పరీక్షలన్నీ మంచినీళ్ళతో చేస్తారు. ఉప్పు తట్టుకోవడాన్ని సాల్ట్ ఫాగ్ అని వేరే పరీక్షతో చూస్తారు. దాని పేరు పెట్టె మీద ఉందో లేదో చూడండి.

చాలా ప్లేయర్లకు ముందు పలక వరకే ఆ రేటింగ్. వెనక భాగం మామూలు ఇనుప డబ్బానే. కొనేముందు ఇది అడగండి.

ఎన్ని వాట్లు కావాలి? నా ప్లేయర్ మీద 4×50 అని ఉంది.

ఆ 50 అట్ట మీద అంకె. 12 వోల్టుల మీద నడిచే ప్లేయర్ నాలుగు ఓంల స్పీకర్‌కి శుభ్రంగా ఇవ్వగలిగేది 20 వాట్ల చుట్టుపక్కలే. ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న అంకెనే నమ్మండి, అది ప్లేయర్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్. దాన్ని దాటి తిప్పితే శబ్దం పెరగదు, చిరుగుతుంది.

బోటులో గోడలూ పైకప్పూ ఉండవు కాబట్టి శబ్దం తిరిగి రాదు. కారులో హోరెత్తించే సెట్టు నీళ్ళ మీద మూగదైపోయేది ఇందుకే. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకని వాట్ల వెనక పరుగెత్తే ముందు రెండు పనులు చేయండి. స్పీకర్లను మనుషులు కూర్చునే చోటికి దగ్గరగా పెట్టండి. తర్వాత సెన్సిటివిటీ అనే అంకె చూడండి, అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా పాడుతుందో డెసిబెల్స్‌లో చెప్పేది అదే. 87 ఉన్న స్పీకర్ బదులు 90 ఉన్నది కొంటే, యాంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినంత ఫలితం బ్యాటరీ మీద ఒక్క వాటు భారం లేకుండా వస్తుంది. 20 అడుగుల బోటుకి ఆరున్నర అంగుళాల మంచి జత ఒకటి, ప్లేయర్ సొంత పవర్ మీదే చాలు. డీజిల్ ఇంజన్ టకటకల మీద కూడా వినపడాలంటే 4×50 ఆర్‌ఎంఎస్ చిన్న యాంప్లిఫయర్ పెట్టండి. క్లాస్ డీ రకమే కొనండి. అది కరెంటులో ఎక్కువ భాగాన్ని స్పీకర్‌కే పంపుతుంది, పాత ఏబీ రకంలో సగం దాకా వేడిగా పోతుంది.

సబ్‌వూఫర్?

వద్దు. బోటు బరువు, బ్యాటరీ, పక్క బోటువాళ్ళ ఓపిక, మూడింటికీ మంచిది కాదు.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? చిల్లు ఎలా కోయాలి?

కూర్చునే బల్ల పక్క పలకలో, వెనక భాగంలో, టాపు ఉంటే టాపు గొట్టానికి. మోకాళ్ళకు ఎదురుగా పెడితే మోకాళ్ళకే వినపడుతుంది, కాస్త పైకి, చెవుల వైపు తిరిగి ఉండాలి. ముందు భాగంలో అస్సలు పెట్టకండి, మొదటి అల అక్కడే తగులుతుంది. బోటు బయటి గోడకు మాత్రం, నీటిమట్టానికి ఎంత పైన అయినా సరే, నేను చిల్లు వేయను. జనం ఎక్కితే ఆ మట్టం ఎంత పైకి వస్తుందో రేవులో ఖాళీగా ఉన్న బోటుని చూస్తే తెలియదు.

కోసే ముందు వెనక ఏముందో చేయి పెట్టి తడమండి. డీజిల్ పైపు, స్టీరింగ్ కేబుల్, ఇంధన ట్యాంకు, ఏదైనా ఉండొచ్చు. స్పీకర్ లోతు కొలిచి, కాగితం మీద గీసుకుని, దాన్ని అంటించి చూడండి. తర్వాత మాస్కింగ్ టేపు వేసి దాని మీద గుండ్రంగా గీసి, హోల్ సా (గుండ్రంగా కోసే రంపం) పెట్టండి. ఇక్కడ ఒక చిట్కా ఉంది, నేను దాన్ని ఒక కస్టమర్ బోటు మీద పగుళ్ళు తెప్పించాకే నేర్చుకున్నాను. మొదటి కొన్ని తిప్పులు డ్రిల్లుని రివర్స్‌లో తిప్పండి. పైన నునుపుగా ఉండే జెల్ కోటు గాజులాంటిది, పళ్ళు దాన్ని లాగితే నక్షత్రంలా పగులుతుంది. రివర్స్‌లో అయితే మెల్లగా అరుగుతుంది. ఆ పొర దాటాక ముందుకు తిప్పి కోసేయొచ్చు. మూతికి మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. ఫైబర్ పొడి దురద రెండు రోజులు వదలదు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా చేటు.

కోసిన అంచులో చెక్క కనిపిస్తే, చాలా బోట్లలో పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది, దానికి రెజిన్ పూసి ఆరనివ్వండి. వదిలేస్తే ఆ ప్లైవుడ్ నీళ్ళు తాగి రెండేళ్ళలో బల్లంతా మెత్తబడుతుంది. స్క్రూలు ఎస్ఎస్ 316వి అడగండి. 304 కూడా స్టీలే గానీ సముద్రం దగ్గర తుప్పు మరకలు వస్తాయి. మామూలు జింకు పూత స్క్రూలు మన పెళ్ళివారి మేకప్ లాంటివి, ఆ రోజుకి బాగుంటాయి.

సీలింగ్‌కి ఏ సిలికాన్ వాడాలి?

న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది. వెనిగర్ వాసన కొట్టేది చవగ్గా దొరుకుతుంది కానీ ఆరేటప్పుడు దాంట్లోంచి ఆమ్లం వస్తుంది, అది రాగి వైర్లనీ టెర్మినళ్ళనీ తినేస్తుంది. ట్యూబ్ మూత తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది.

దిక్సూచి తేడా చూపిస్తోంది. స్పీకర్ వల్లేనా?

చాలావరకు అదే. స్పీకర్ వెనకాల పెద్ద అయస్కాంతం ఉంటుంది. బిగించకముందే పరీక్షించుకోండి. స్పీకర్‌ని చేత్తో పట్టుకుని దూరం నుంచి దిక్సూచి వైపు మెల్లగా జరపండి. ముల్లు ఎక్కడ కదలడం మొదలైందో, అక్కడి నుంచి ఇంకో రెండడుగులు వెనక్కి పెట్టండి. మీటరు దూరమైనా తప్పనిసరి. బోటు నడిపే సరంగు చేతిలో ఉన్న ఫోన్‌లో దిక్సూచి కూడా అయస్కాంతంతోనే పనిచేస్తుంది, అదీ అంతే తప్పుతుంది. దిక్సూచి పక్క నుంచి పాజిటివ్, నెగటివ్ వైర్లు పోవాల్సి వస్తే రెంటినీ జడలా మెలిపెట్టి తీసుకెళ్ళండి. ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని రెండోది కొట్టేస్తుంది.

ఇంజన్ బ్యాటరీ ఉంది కదా, దానికే కలిపేస్తే?

ఇదొక్కటీ వద్దు. మిగతా తప్పులు చేస్తే డబ్బు పోతుంది, ఈ తప్పు చేస్తే తిరిగి రారు.

ఒకసారి మేం ఐదుగురం భైరవపాలెం వైపు వెళ్ళాం. మధ్యాహ్నం లంగరు వేసి, ఇంజన్ ఆపి, భోజనాలు, పాటలు. నాలుగు గంటలపాటు పాడింది. నేను బిగించిన సెట్టే, కాబట్టి వాల్యూం గురించి నాకు కాస్త గర్వం కూడా ఉంది. పొద్దు వాలాక సెల్ఫ్ కొడితే టిక్కుమంది, అంతే. మళ్ళీ కొడితే ఆ టిక్కు కూడా లేదు. అప్పటికి సముద్రపు పాటు మొదలైంది, నీళ్ళు నది సముద్రంలో కలిసే మొగ వైపు లాగుతున్నాయి. లంగరు పట్టి ఉంది కాబట్టి సరిపోయింది. చీకటి పడ్డాక వేటకు వెళ్తున్న బోటువాళ్ళు తాడు వేసి లాక్కొచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఒక్కటే అడిగాడు, "పాటలు బావున్నాయా బాబూ?" అని.

అందుకే రెండు బ్యాటరీలుండాలి. ఇంజన్‌కి ఒకటి, పాటలకీ లైట్లకీ రెండోది. ఇంజన్ తిరిగేటప్పుడు రెండూ ఛార్జవ్వాలి, ఆగినప్పుడు విడిపోవాలి. ఆ పని తనంతట తనే చేసే రిలేలు దొరుకుతాయి. లేదా 1, 2, రెండూ అని తిప్పే చేతి స్విచ్ పెట్టుకోవచ్చు. నేను రిలే వైపే మొగ్గుతాను. చేతి స్విచ్ తిప్పడం మనిషి మర్చిపోతాడు.

రెండో బ్యాటరీ ఎంతది కావాలి?

చిన్న లెక్క. మామూలు వాల్యూంలో ప్లేయర్, రెండు స్పీకర్లు కలిపి 2 నుంచి 3 ఆంపియర్లు తీసుకుంటాయి. రోజుకి 5 గంటలంటే 15 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తరిగిపోతుంది, కాబట్టి 15 కావాలంటే 30 పైన ఉన్నది కొనాలి. 35 సరిపోతుంది. యాంప్లిఫయర్ పెట్టి గట్టిగా పాడిస్తే 8, 10 ఆంపియర్లు లాగుతుంది. అదే 35 బ్యాటరీ అప్పుడు రెండు గంటలు కూడా రాదు.

కారు బ్యాటరీ కాకుండా డీప్ సైకిల్ రకం తీసుకోండి. కారుది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇచ్చి వెంటనే నిండేలా చేసింది, మెల్లగా ఖాళీ చేస్తే ప్లేట్లు చెడతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బరువులో సగం కూడా ఉండదు, 80 శాతం వరకు వాడుకోవచ్చు, కానీ దానికి తగిన ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలి. ఇంజన్ నుంచి నేరుగా కలపొద్దు. ఏది కొన్నా ఒక చిన్న వోల్ట్ మీటర్ పెట్టుకోండి. లెడ్ యాసిడ్‌కి 12.7 అంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగమైనట్టు. పాటలు ఆపి కాసేపయ్యాక చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

బ్యాటరీని ట్రేలో పెట్టి పట్టీతో కట్టండి. అలల్లో 10 కిలోల బ్యాటరీ పల్టీ కొడితే ఏమవుతుందో నేను వర్ణించనక్కర్లేదు.

మా బోటు ఇంజన్‌కి సెల్ఫ్ లేదు, చేత్తో తిప్పి స్టార్ట్ చేస్తాం. బ్యాటరీ ఎలా ఛార్జవుతుంది?

అలాంటి ఇంజన్లలో చాలావాటికి ఛార్జింగ్ కాయిల్ ఉండదు. సోలార్ పెట్టుకోండి. మన తీరంలో ఎండకు కొదవ లేదు. 50 వాట్ల పలక మంచి ఎండలో 2.5 నుంచి 3 ఆంపియర్ల దాకా ఇస్తుంది, రోజంతా కలిపితే పైన చెప్పిన 15 ఆంపియర్ అవర్లకు దగ్గరగా వస్తుంది. మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ తప్పనిసరి. పలక మీద టాపు నీడ గానీ, ఆరేసిన వల నీడ గానీ పడకూడదు. పలకలో మూల కొంచెం నీడైనా మొత్తం ఉత్పత్తి బాగా పడిపోతుంది.

ఏ వైరు వాడాలి?

స్పీకర్ల మీద మూడు రోజులు ఆలోచించి, వైరు దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి వేసేయండి" అనేవాళ్ళే ఎక్కువ. నన్నడిగితే తిరగేసి చెయ్యాలి. స్పీకర్ పాతబడితే ఊడదీసి కొత్తది పెడతారు. వైరు బల్లల కింద నుంచి పోతుంది, మళ్ళీ తీయడమంటే బల్లలన్నీ విప్పాలి.

బోటుకి కావాల్సింది తగరం పూత ఉన్న రాగి వైరు. పూత లేని రాగి తెగిన చివర నుంచి లోపలికి నల్లబడుతూ పోతుంది. అంగుళం కోసి చూస్తే నలుపు, ఇంకో అంగుళం కోస్తే ఇంకా నలుపే. మెరైన్ వైరు అని అడిగితే మన ఊళ్ళ షాపుల్లో మొహం చూస్తారు. సోలార్ డీసీ కేబుల్ అని అడగండి, ఇప్పుడది చిన్న టౌన్లలో కూడా దొరుకుతోంది. దాంట్లో ఉండేది తగరం పూత రాగే, పైతొడుగు ఎండకు తట్టుకుంటుంది, 4, 6 స్క్వేర్ ఎంఎంలలో ఎరుపు, నలుపు రంగుల్లో వస్తుంది. కొంచెం బిరుసుగా ఉంటుంది, వంపుల దగ్గర చూసి వంచాలి. చవక స్పీకర్ వైర్లలో మాత్రం అల్యూమినియం మీద రాగి పూతవి ఎక్కువ. గోటితో, కాకపోతే బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది. అవి కొనకండి.

మందం ఎందుకో ఒక ఉదాహరణ. బ్యాటరీ వెనక, యాంప్లిఫయర్ ముందు, మధ్య దూరం 5 మీటర్లు. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి, కాబట్టి 10 మీటర్ల వైరు. 10 ఆంపియర్లు లాగితే, 1 స్క్వేర్ ఎంఎం వైరులో దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5లో 0.8 వోల్టు, 6లో 0.33 వోల్టు. బ్యాటరీ 12.4 ఉంటే సన్నటి వైరు చివర 10.4 మిగులుతుంది, బేస్ కొట్టినప్పుడల్లా ప్లేయర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. "సెట్టు బాగోలేదండీ" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావాటికి వైరు మారిస్తే రోగం కుదిరింది. ప్లేయర్ ఒక్కటే ఉంటే 2.5 చాలు, యాంప్లిఫయర్‌కి 6, స్పీకర్లకు 1.5.

ఫ్యూజు ప్లేయర్ వెనకాల ఉంది కదా, మళ్ళీ ఇంకోటి ఎందుకు?

ఆ ఫ్యూజు ప్లేయర్‌ని కాపాడుతుంది. బ్యాటరీ నుంచి ప్లేయర్ దాకా ఉన్న వైరుకి ఎవరు కాపలా? మధ్యలో ఎక్కడో అంచుకి రాసుకుని తొడుగు తెగి నెగటివ్‌కి తగిలితే, వైరు ఎర్రగా కాలి ఫైబర్ అంటుకుంటుంది. నీళ్ళ మధ్యలో నిప్పు కంటే ఘోరం లేదు. అందుకే బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపే ఫ్యూజు పెట్టాలి. అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ కూడా 7 అంగుళాల్లోపు అంటుంది. 2.5 వైరుకి 15 ఆంపియర్లు పెట్టండి. కాలిపోయిందని దాని బదులు సిగరెట్ పెట్టె జరీ కాగితం చుట్టినవాళ్ళను చూశాను. వాళ్ళ బోటులో నేను ఎక్కను.

జాయింట్లు టంకం పెట్టాలా, మెలిపెట్టి టేపు చుట్టాలా?

రెండూ వద్దు. టేపు జిగురు ఎండకు కారిపోతుంది. ఒట్టి టంకం పెడితే, అది ఆగిన చోట వైరు బిరుసెక్కి ఇంజన్ కుదుపులకు అక్కడే విరుగుతుంది. రాగి లగ్గు వేసి మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడిగి వేడిచేయండి. చివర్ల నుంచి చుక్క జిగురు బయటికొస్తే సీలు కుదిరినట్టు. జాయింట్ ఎప్పుడూ పైనుండాలి, బోటు అడుగున నీళ్ళు నిలిచే చోట కాదు. ప్లేయర్‌లోకి వెళ్ళే ముందు వైరుని ఒక వంపు కిందికి దించి మళ్ళీ పైకి తీసుకెళ్ళండి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది.

ప్లేయర్ వైర్ల రంగులు?

పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు స్విచ్ మీద వచ్చేది, నలుపు నెగటివ్. తెలుపు, బూడిద జతలు ముందు స్పీకర్లకు, ఆకుపచ్చ, ఊదా జతలు వెనక స్పీకర్లకు. నల్ల చార ఉన్నది మైనస్. నీలం, తెలుపు చారలది యాంప్లిఫయర్‌ని లేపేందుకు. చాలా కంపెనీలవి ఇలాగే ఉంటాయి, అయినా మీ ప్లేయర్ కాగితం ఒకసారి చూసుకోండి.

పసుపు వైరు గురించి ఒక మాట. గడియారం, స్టేషన్లు గుర్తుంచుకోవడానికి అది ఎప్పుడూ కొంచెం కరెంటు తాగుతుంటుంది. 10 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా నెలకి 7 ఆంపియర్ అవర్లు. ఒడ్డున నెలల తరబడి పడుండే బోటుకి ఇది చాలు బ్యాటరీని చంపడానికి. నేను పసుపునీ ఎరుపునీ కలిపి ఒకే స్విచ్‌కి ఇస్తాను. గడియారం తప్పు చూపిస్తుంది, పోనివ్వండి.

ఇంజన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో "జూయ్" మంటోంది.

ముందు ఫోన్ ఛార్జర్ పీకండి. నవ్వకండి, చాలాసార్లు దొంగ అదే. ఫోన్‌ని ఛార్జింగ్‌లో పెట్టి ఆక్స్ వైరుతో పాటలు పెడితే రెండు దారుల్లో నెగటివ్ కలిసి రొద వస్తుంది. అది కాకపోతే ప్లేయర్, యాంప్లిఫయర్ రెండింటి నెగటివ్‌లూ ఒకే చోట, రెండో బ్యాటరీ మైనస్ దగ్గరే కలిసేలా చేయండి. కారులోలా ఎక్కడ ఇనుము కనపడితే అక్కడ ఎర్త్ కలపడం ఇక్కడ కుదరదు. అల్యూమినియం బోటు అయితే అసలు చేయకూడదు, ఆ కరెంటు నీళ్ళలోకి దారి వెతుక్కుంటే బోటు లోహాన్నే తింటుంది. ఆర్‌సీఏ వైర్లను (ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్‌కి పాటను మోసేవి) పవర్ వైర్లకు దూరంగా, ఇంకో పక్క నుంచి తీసుకెళ్ళండి. ఇన్నీ చేశాక కూడా పోకపోతే అప్పుడు నాయిస్ ఫిల్టర్ కొనండి.

వీహెచ్‌ఎఫ్ సెట్టు, అంటే బోట్లు మాట్లాడుకునే రేడియో, ఉన్నవాళ్ళు ఇంకో పరీక్ష చేయాలి. దాన్ని ఖాళీ చానెల్‌లో పెట్టి, హోరు ఆగేంతవరకే స్క్వెల్చ్ (హోరుని నొక్కిపెట్టే నాబ్) తిప్పి, అప్పుడు స్టీరియో ఆన్ చేయండి. హోరు మళ్ళీ మొదలైతే మీ యాంప్లిఫయరో, చవక ఎల్‌ఈడీ లైట్లో, ఛార్జరో అటు చిమ్ముతున్నట్టు. యాంటెన్నాకి దూరంగా జరపండి, వైర్లకు రొదని ఆపే ఫెర్రైట్ దిమ్మలు తగిలించండి. ఆపదలో పిలిచే చానెల్ 16లో వచ్చే పిలుపు పాట వల్ల వినపడకపోవడం ఒక ఎత్తు, యాంప్లిఫయర్ వల్ల అసలు సెట్టులోకే రాకపోవడం ఇంకో ఎత్తు.

ఎఫ్‌ఎం సరిగా రావడం లేదు.

కారు యాంటెన్నా కారు ఇనుప రేకుని కూడా యాంటెన్నాలో సగంగా వాడుకుంటుంది. ఫైబర్ బోటులో ఆ రేకు లేదు. రేకు అవసరం లేని రకం, బోట్లకని అమ్మే యాంటెన్నా వేరే ఉంటుంది, అది పెట్టండి. అయినా ఎఫ్‌ఎం చూపు మేరకే, ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ పోతుంది. మీడియం వేవ్ ఇంకా చాలా దూరం వస్తుంది. ఈ మధ్య చవక ప్లేయర్లలో మీడియం వేవ్ తీసేస్తున్నారు. సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు అది ఉన్నదే అడిగి కొనండి. తుపాను కబురు సమయంలో బ్లూటూత్ పాటలు దేనికీ పనికిరావు.

పెట్రోల్ ట్యాంకు ఉన్న అరలో యాంప్లిఫయర్ పెట్టొచ్చా? చోటు అక్కడే ఉంది.

వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, అడుగున పేరుకుంటుంది. రిలే గానీ స్విచ్ గానీ వేసే చిన్న నిప్పురవ్వ చాలు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న అరలో కూడా పెట్టకండి. ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, ఆమ్లపు ఆవిరి బోర్డుని తింటుంది.

వాల్యూం ఎంత పెట్టుకోవచ్చు? ఎక్కడ పెట్టకూడదు?

సముద్రంలో ఓడలు ఢీకొనకుండా రాసుకున్న అంతర్జాతీయ నియమాల్లో 5వది, కళ్ళతోనూ చెవులతోనూ ఎప్పుడూ కాపలా ఉండాలంటుంది. చెవులతోనూ అని ప్రత్యేకంగా రాశారు. నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. బోటు ముందు కూర్చున్న మనిషి మామూలు గొంతుతో "వల ఉంది, వల ఉంది" అంటే వెనక ఇంజన్ దగ్గరున్నవాడికి వినపడాలి. పని అప్పగించేటప్పుడు యజమానిని వెనక కూర్చోబెట్టి ఈ పరీక్ష చేసి, ఆ వాల్యూం దగ్గర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఇస్తాను. తిప్పే నాబ్ లేని ప్లేయర్ అయితే సెట్టింగ్స్‌లో గరిష్ఠ వాల్యూం కట్టేస్తాను. మొగ దాటేటప్పుడు, రేవులోకి వచ్చేటప్పుడు పూర్తిగా ఆపేయండి.

కోరింగ మడ అడవుల్లోకి వెళ్తే స్విచ్ తీసేయండి. అది అభయారణ్యం. నీటి కుక్కలూ బావురు పిల్లులూ తిరిగే చోటు, పక్షులు వాలే చోటు. అటవీ శాఖ వాళ్ళు అడ్డగిస్తే తప్పు వాళ్ళది కాదు. ఇక రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ల మీద ఉన్న నిషేధం ఊళ్ళకే అనుకోకండి. నీళ్ళ మీద శబ్దం రాత్రిపూట ఒడ్డు దాకా తేలిగ్గా వస్తుంది, మీకు పది ఇళ్ళ దూరంలా అనిపించేది లంక ఊళ్ళో పడుకున్నవాళ్ళ గుమ్మంలో వినపడుతుంది.

పని ఎప్పుడు పెట్టుకోవాలి?

వేట బోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం ఉంటుంది కదా, అప్పుడే. బోటు ఒడ్డున ఉంటుంది, ఎండకు రెజినూ సిలికానూ బాగా ఆరతాయి. జూన్ 10న వచ్చి రేపటికల్లా కావాలనేవాళ్ళకు నేను ఆగస్టు తర్వాతి తేదీ ఇస్తాను.

రోజువారీ జాగ్రత్తలు?

ఒడ్డుకి రాగానే మంచినీళ్ళు తడిపిన గుడ్డతో స్పీకర్ జాలీ, ప్లేయర్ ముందు పలక తుడవండి. ప్రెషర్ పంపుతో కొట్టకండి, సముద్రం చేయలేని పని ఆ పంపు చేస్తుంది. బ్యాటరీ టెర్మినళ్ళకు వాజెలిన్ రాయండి. ఆరు నెలలకోసారి ఫ్యూజుని తీసి కాళ్ళు చూడండి, పచ్చబడితే మార్చేయండి.

బోటు మునిగి ప్లేయర్ ఉప్పునీళ్ళలో నానింది. పోయినట్టేనా?

పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ వేయకండి. నూటికి తొంభై సార్లు దాన్ని చంపేది ఆ ఆత్రమే. ముందు బ్యాటరీ వైరు పీకండి. ప్లేయర్‌ని ఊడదీసి, మూత విప్పి, బోర్డుని శుభ్రమైన మంచినీళ్ళతో, డిస్టిల్డ్ వాటర్ దొరికితే దాంతో కడగండి. తడిసింది కదా, మళ్ళీ తడపడమెందుకని అనుమానపడొద్దు. ఉప్పు ఆరి గట్టిపడకముందే పోవాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, ఫ్యాను కింద మూడు నాలుగు రోజులు వదిలేయండి. బియ్యంలో పెట్టకండి, బియ్యం ఉప్పుని తీయదు. ఆ తర్వాత 2 ఆంపియర్ల ఫ్యూజు వేసి, స్పీకర్లు కలపకుండా, ఒడ్డున ఆన్ చేసి చూడండి. స్పీకర్లు మెరైన్‌వి అయితే కడిగి ఆరబెడితే మళ్ళీ పాడతాయి. బ్యాటరీ మాత్రం కొత్తది కొనుక్కోండి.